బందరు వెళ్ళేవాళ్ళకో మనవి

సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే మన కాలేజీలో విహారయాత్రల సందడి మొదలవుతుంది. అరకు అని కొందరు, హంపి అని కొందరు, డబ్బుల్లేవు కనక దగ్గర్లో ఏదైనా చాలని ఇంకొందరు. ఈ మూడో పక్షంవాళ్ళ పుణ్యమా అని బందరు పేరు తరచు వినబడుతోంది. సముద్రం ఉంది, చరిత్ర ఉంది, ఖర్చు తక్కువ. అంతకంటె ఏం కావాలి?

బందరు వెళ్ళడం మంచిదే. దాని గురించే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. అయితే మనవాళ్ళు వెళ్ళే పద్ధతి మీద నాకు అభ్యంతరం ఉంది. పొద్దున్నే మంగినపూడి బీచిలో స్నానాలు. చిలకలపూడిలో పాండురంగస్వామి దర్శనం. ఆ తర్వాత డచ్చివాళ్ళ సమాధుల దగ్గర గ్రూపు ఫోటో, కోట దగ్గర ఇంకో ఫోటో. బజారులో తొక్కుడు లడ్డు పొట్లాలు కట్టించుకుని, చీకటి పడేసరికి బస్సు ఎక్కేస్తారు. మర్నాడు నోటీసు బోర్డు మీద "చారిత్రక నగర సందర్శనం" అని రాస్తారు. ఆ నగరానికి చరిత్ర అంటూ తెచ్చిపెట్టిన వస్తువేమిటో మాత్రం ఆ బస్సులో ఒక్కరూ చూసి ఉండరు. అది సమాధుల దగ్గర లేదు, కోటలోనూ లేదు. బందరుకి పది కిలోమీటర్ల దూరంలో పెడనలో అద్దకపు బల్లల మీద ఉంది. మనవాళ్ళ బస్సు మాత్రం అక్కడ ఆగదు.

నేను చరిత్ర శాఖలో ఎం.ఏ. చదువుతున్నాను. మా అమ్మమ్మగారి ఊరు పెడన పక్కనే. కాబట్టి ఇందులో కొంచెం స్వపక్షాభిమానం ఉందంటే కాదనను. కానీ ముందు నేను చెప్పేది వినండి, తర్వాత అభిమానం పాలెంతో, నిజం పాలెంతో మీరే తేల్చండి.

బందరు అనే మాటకే రేవు అని అర్థం. పారశీక భాషలోంచి వచ్చిన మాట. కనక "బందరు పోర్టు" అన్నప్పుడల్లా మనం "రేవు రేవు" అంటున్నామన్నమాట. ఊరి పేరే రేవు అయిపోయిందంటే అక్కడ ఎంత వ్యాపారం జరిగి ఉండాలో ఊహించుకోవచ్చు. ఆ పేరు రాక చాలా ముందు, క్రీస్తు శకం తొలి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాసుకున్నాడు. అంటే యూరపు కంపెనీలు పుట్టడానికి పదిహేను వందల ఏళ్ళ ముందే మన గుడ్డకి పేరుంది. ఇది గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ సరైన కొస నుంచి అర్థమవుతుంది.

1605లో డచ్చివాళ్ళ ఓడ మచిలీపట్నం వచ్చింది. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర అనుమతి తీసుకుని వాళ్ళు గిడ్డంగి పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషువాళ్ళ "గ్లోబు" అనే ఓడ వచ్చింది. 1669లో ఫ్రెంచివాళ్ళు దిగారు. ముగ్గురూ పోయినా వాళ్ళ పేర్లు మాత్రం ఊళ్ళో మిగిలాయి. వలందపాలెం అంటే హాలెండువాళ్ళది, పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్ళది, ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనే అక్కర్లేదు. రిక్షావాడు "వలందపాలెం బాబూ" అన్నప్పుడు నాలుగు వందల ఏళ్ళ వ్యవహారం అతని నాలుక మీద పలుకుతుందన్నమాట. ఇలాంటి ఊరు తెలుగునాట మరొకటి చూపించండి!

సరే, వీళ్ళంతా ఎందుకొచ్చారు? గాలి మార్పుకైతే రాలేదు కదా. డచ్చివాళ్ళకి కావలసింది జాజికాయ, లవంగం, మిరియాలు. అవి దొరికేది తూర్పు దీవుల్లో. ఆ దీవులవాళ్ళు యూరపు సరుకుని పెద్దగా లెక్కచేసేవారు కాదు. వాళ్ళకి కావలసింది కోరమండల్ తీరపు గుడ్డ, అందులోనూ రంగు పోని గుడ్డ. కాబట్టి ముందు ఇక్కడికొచ్చి గుడ్డ కొనాలి, దాన్ని అక్కడికి తీసుకెళ్ళి మసాలా దినుసులు కొనాలి, అవి తీసుకెళ్ళి యూరపులో అమ్మాలి. ఇంత పెద్ద వ్యాపారచక్రం మన అద్దకపువాడి చెయ్యి అనే ఇరుసు మీద తిరిగింది. తర్వాత ఆ గుడ్డ యూరపుకే చేరింది. అక్కడి జనం దాన్ని చూసి పిచ్చెత్తిపోయారు.

ఎందుకంత పిచ్చి? మన రసాయన శాస్త్ర మిత్రులు ఇక్కడ కొంచెం చెవొగ్గాలి. ఆ రోజుల్లో యూరపులో గుడ్డ మీద బొమ్మ వేస్తే రెండు ఉతుకులకి వెలిసిపోయేది. మనవాళ్ళ రంగు ఉతికినా పోయేది కాదు. రహస్యం రంగులో లేదు, రంగుకీ గుడ్డకీ ముడివేసే పద్ధతిలో ఉంది. ముందు గుడ్డని బాగా ఉతికి, కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి కుండలో కొన్నాళ్ళు మురగబెట్టిన నీళ్ళు ఇంకోపక్క సిద్ధంగా ఉంటాయి. టేకు చెక్క అచ్చుని ఆ నీళ్ళలో ముంచి గుడ్డ మీద అద్దితే, కరక్కాయలోని వగరు పదార్థమూ ఇనుమూ కలిసి నల్లటి గీత పుడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపేమీ కనబడదు! ఆ గుడ్డని పారే నీళ్ళలో జాడించి, రాగి పాత్రలో చిరివేరు వేసి మరిగిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట అంటినది తర్వాత ఉతుకులో పోతుంది. ఇంత కథా నడిచాక, చివర్లో పసుపు కావలసిన చోట కరకపువ్వు రంగు పూస్తారు. నీలానికి నీలిమందు ఉండనే ఉంది.

ఈ చిరివేరు కృష్ణా డెల్టాలో, ముఖ్యంగా నిజాంపట్నం ప్రాంతపు ఇసుక నేలల్లో దొరికేది శ్రేష్ఠమని పదిహేడో శతాబ్దపు వర్తకులే రాశారు. పాఠాల్లో మనం "మార్డెంట్" అని బట్టీ పడతామే, ఆ విషయం ఈ ఇళ్ళలో ఏ పుస్తకమూ లేకుండా తరాల తరబడి నడిచింది.

యూరపువాళ్ళు ఈ గుడ్డని చూసి ముచ్చటపడ్డారు, తర్వాత భయపడ్డారు. తమ నేతగాళ్ళు వీధిన పడుతున్నారని ఫ్రాన్సు 1686లో అద్దకం గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో దాన్ని మించిన చట్టం చేసింది. ఫ్రాన్సు నిషేధం ఎత్తేసింది 1759లో. డెబ్భై ఏళ్ళు పైచిలుకు ఒక రాజ్యం మన గుడ్డని చూసి తలుపు వేసుకుందంటే, ఆ గుడ్డ సత్తా ఏమిటో వేరే చెప్పాలా? ఈలోగా రహస్యం లాగే ప్రయత్నాలూ సాగాయి. కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఇదే కోరమండల్ తీరాన ఉంటూ, తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకపువాళ్ళని అడిగి తెలుసుకుని, 1742లో ఆ పద్ధతి అంతా ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు. అది అచ్చయింది కూడా. మన తాతలు నోటితో చెప్పిన పాఠం అక్కడి ఫ్యాక్టరీలకి పాఠ్యపుస్తకమైంది. చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇప్పుడు సమాధుల దగ్గరికి వద్దాం. పెద్ద పెద్ద రాతి పలకలు. వాటి మీద వంశచిహ్నాలు, డచ్చి భాషలోనూ లాటిన్‌లోనూ చెక్కిన వాక్యాలు. పని చక్కగా ఉంటుంది, చూడదగ్గదే. పురావస్తు శాఖవారు రక్షిత స్థలమని బోర్డు పెట్టారు. పెట్టడం సబబే. అక్కడ పడుకున్నవాళ్ళ మీద నాకు పగ లేదు. వేల మైళ్ళు దాటొచ్చి జ్వరాలతోనో విరేచనాలతోనో చిన్న వయసులోనే పోయినవాళ్ళున్నారు, వాళ్ళ పసిపిల్లలున్నారు. చావుకి దేశం లేదు. కానీ చరిత్ర విద్యార్థిగా ఒక ప్రశ్న అడక్కుండా ఉండలేను. ఆ పలక కింద ఉన్నాయనకి పేరుంది, బిరుదుంది, పుట్టిన ఊరుంది. ఆయన ఎవరి గుడ్డ కొని ధనవంతుడయ్యాడో వాళ్ళలో ఒక్కడికి పేరుందా? ముందుగా బయానా ఇచ్చి, ఆ అప్పు కింద నేతవాణ్ణీ అద్దకపువాణ్ణీ కట్టిపడేసి, సరుకు నాసిగా ఉందని ధర కోసిన వ్యాపారం అది. అదే కంపెనీ ఓడలు కరువు రోజుల్లో కోరమండల్ తీరం నుంచి మనుషుల్ని కూడా కొని బటావియాకి, సింహళానికి బానిసలుగా ఎక్కించుకుపోయాయి. సమాధి పలకలు ఈ సంగతి చెప్పవు. గైడు కూడా చెప్పడు. అప్పుడిక చెప్పాల్సింది మనమే, ఎందుకంటే డిగ్రీలు తీసుకునేది మనం.

మరో సంగతి గమనించండి. బందరులో వాళ్ళ సమాధులున్నాయి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియంలో మన కోరమండల్ గుడ్డలున్నాయి. హాలెండులో హిందెలోపెన్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. అక్కడి ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో మన దేశపు అద్దకం గుడ్డతో కుట్టిన పొడుగు అంగీ ఒకటి. దాన్ని వాళ్ళు తమ వారసత్వం అని సగర్వంగా చూపించుకుంటారు. అంటే వాళ్ళు మన చేతిపనిని అద్దాల బీరువాలో పెట్టి చూసుకుంటుంటే, మనం వాళ్ళ గోరీల పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నాం. ఆ పని చేసే చెయ్యి ఇంకా బతికే ఉంది, పది కిలోమీటర్ల దూరంలో ఉంది, పలకరిస్తే బదులు చెబుతుంది. దాన్ని చూడ్డానికి తీరిక లేదు మనకి. ఇది వింతగా లేదూ?

కొందరు మిత్రులు అంటారు: "బందరు ఎప్పుడో చచ్చిపోయిన ఊరోయ్. ఇప్పుడు చూడ్డానికేముంది?" ఈ మాట ఒప్పుకోను. ఆ ఊరిని సముద్రం చాలాసార్లు దెబ్బతీసింది, నిజమే. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్ఫై వేలమంది పోయారు. రేవు మేట వేసింది, ఓడలు దూరంగా సముద్రంలోనే నిలబడాల్సి వచ్చేది, వర్తకం మద్రాసుకి తరలిపోయింది. మాంచెస్టరు మిల్లు గుడ్డ వచ్చి మిగిలినదాన్ని నమిలేసింది. అయినా ఊరు చావలేదు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది ఇక్కడే. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది ఇక్కడే. ఆ కళాశాలలోనే ప్రమోదకుమార ఛటర్జీ దగ్గర మన అడివి బాపిరాజు చిత్రకళ నేర్చుకున్నాడు. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రాబ్యాంకు పెట్టింది ఇక్కడే. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరు కూడా లేకుండా పోయిందనుకోండి, అది వేరే దుఃఖం. చిలకలపూడి గిల్టు నగలు వేసుకోని పెళ్ళివారు మన జిల్లాల్లో ఉన్నారా? కాస్త దూరం వెళితే కూచిపూడి. చచ్చిపోయిన ఊరి చుట్టూ ఇన్ని కళలు ఎలా బతుకుతాయండీ?

అద్దకం కూడా అలాగే చచ్చి బతికింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇరాన్ దేశపు బేరం దాన్ని కొంతకాలం నిలబెట్టింది. ఆ బేరం కూడా పోయాక పని చేసే ఇళ్ళు తగ్గిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి పూనికతో, 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు ఆసరాతో మళ్ళీ కోలుకుంది. శ్రీకాళహస్తివాళ్ళది కలంతో గీసే పని, మనవాళ్ళది ప్రధానంగా చెక్క అచ్చుతో అద్దే పని. రెండింటికీ కలంకారీ అనే పేరే స్థిరపడింది. మచిలీపట్నం కలంకారీకి చట్టబద్ధంగా భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిరివేరు స్థానంలో ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ వాడుతున్నారు. దాన్ని నేను తప్పుపట్టను. కాలంతోపాటు పనివాడు మారాలి.

మరి ప్రమాదం ఎక్కడుంది? స్క్రీను ప్రింటింగులో ఉంది. స్క్రీను ప్రింటు చెడ్డదని కాదు. అది కూడా పనే, అక్కడా మన పక్కింటి కుర్రాళ్ళే చెమటోడుస్తారు. తగువల్లా పేరు దగ్గర. అచ్చుతో రోజుల తరబడి చేసిన చీర మీదా, స్క్రీనుతో చకచకా లాగేసిన చీర మీదా "కలంకారీ" అనే చీటీయే అంటిస్తే, కొనేవాడు చౌకది కొంటాడు. అచ్చుపనివాడు ధర తగ్గించాలి, లేదా పని మానాలి. కల్తీ నెయ్యి వచ్చాక అసలు నెయ్యివాడి పరిస్థితి ఏమవుతుందో మనకి తెలియదా? మన హాస్టలు గదుల్లోనే చూడండి. కలంకారీ కుర్తా లేని అమ్మాయీ, కలంకారీ సంచీ లేని కవీ కనబడరు. వాటిలో అచ్చుతో అద్దినవెన్నో లెక్కపెట్టండి చూద్దాం.

నిరుడు పెడనలో ఒక షెడ్డులో ఓ పెద్దాయన పని చూస్తూ కూర్చున్నాను. బల్ల మీద గోనె పరిచి, దాని మీద గుడ్డ, ఎడమచేత్తో సర్దుకుంటూ కుడిచేత్తో అచ్చు వేసి పిడికిలితో ఒక్క గుద్దు. ఆ చప్పుడు లయ తప్పదు. "ఎన్నాళ్ళ నుంచి బాబాయిగారూ ఈ పని?" అనడిగాను. "ఊహ తెలిసినప్పట్నించీనయ్యా. మా నాన్న గుద్దుతుంటే నేను రంగు కలిపేవాణ్ణి" అన్నాడు. కొడుకు సంగతి అడిగితే విజయవాడలో సెల్‌ఫోన్ల కొట్లో ఉన్నాడని చెప్పి, కాసేపాగి, "వాడు రానన్నాడు. నేనూ రమ్మన్లేదు" అన్నాడు. మొదటి వాక్యం మనం ఎక్కడైనా వినేదే, పిల్లలు తండ్రి పని వద్దనడం కొత్తేమీ కాదు. రెండో వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. నాలుగు వందల ఏళ్ళు ప్రపంచం వెంటపడిన విద్యని, అది చేతిలో ఉన్న మనిషి తన కొడుక్కి ఇవ్వడానికి జంకుతున్నాడు. ఉప్పెనకీ, ఇంగ్లండు చట్టాలకీ, మాంచెస్టరుకీ లొంగనిది ఆ ఒక్క మాటకి లొంగిపోతుందేమో.

అలాగని ఆయన కొడుకుని బల్ల దగ్గరే కూర్చోమని చెప్పడానికి మనమెవరం? మనం ఉద్యోగాల కోసం చదువుకుంటూ, వాళ్ళు మాత్రం సంప్రదాయం కాపాడుతూ పేదరికంలో ఉండాలనడం సిగ్గుచేటు. ఏ కళనైనా బతికించేది గిరాకీ, గిట్టుబాటు, గౌరవం. ఉపన్యాసాలతో ఎవరి పొయ్యీ వెలగదు. కాబట్టి నేను ఉపన్యాసం ఆపి, మన యూనియన్ వల్ల అయ్యే పనులు నాలుగు చెబుతాను.

మొదటిది. బందరు యాత్రలో పెడనకి పొద్దుటి పూట ఇవ్వండి. గుడివాడ నుంచి వచ్చే రైలు మార్గంలో బందరుకి ముందే పెడన స్టేషను ఉంది, బస్సుకీ కష్టం లేదు. ముందుగా కబురు పెట్టి, ఇరవై ఇరవై మందిగా వెళ్ళాలి. వాళ్ళ పని పాడుచేసి చూపించమంటున్నాం కనక, ఆ పూట కూలి యాత్ర ఖర్చుల్లోంచే చెల్లించాలి. బీచి ఎక్కడికీ పోదు, సాయంత్రం చూడవచ్చు. అద్దకం చూసొచ్చిన తర్వాత సమాధుల దగ్గరికి వెళ్ళండి. అప్పుడు ఆ రాళ్ళు వేరే కథ చెబుతాయి. ఆ తర్వాత మంగినపూడిలో నిలబడి సముద్రం చూడండి. ఓడలు ఎందుకొచ్చాయో తెలిసిన కళ్ళతో చూస్తారు. క్రమం మారిస్తే అర్థమే మారిపోతుంది.

రెండోది. మన వార్షికోత్సవానికి వచ్చే అతిథులకి కప్పే శాలువాల సంగతి. ఏటా అవే జిలుగు శాలువాలు. అతిథి ఇంటికి వెళ్ళి పెట్టెలో పడేసేవి. వాటి బదులు పెడన అచ్చుపని ఉత్తరీయాలు కప్పుదాం. ఆర్డరు నెలల ముందుగానే ఇవ్వాలి సుమా! కాలవలో నీళ్ళుండాలి, ఎండ ఉండాలి. వారం రోజుల ముందు పరుగెత్తితే దొరికేది స్క్రీను సరుకే.

మూడోది. సరుకు గుర్తుపట్టడం నేర్చుకుందాం. ఇది పెద్ద విద్యేమీ కాదు. గుడ్డ తిరగేసి చూడండి, రంగు వెనక్కి ఎంత దిగిందో తెలుస్తుంది. అచ్చూ అచ్చూ కలిసేచోట వేలు పెట్టి చూడండి. చేత్తో అద్దినదైతే ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయంటే అది అచ్చు గుద్దింది కాదన్నమాట! కొట్టువాణ్ణి "ఇది అచ్చుదా, స్క్రీనుదా?" అని ఒక్క ప్రశ్న అడగండి. వందమంది అడిగితే చీటీ మీద ఆ మాట వాడే రాసుకుంటాడు.

నాలుగోది చరిత్ర, రసాయన శాఖలకి. పాత అచ్చులు ఎన్నో మూలన పడి చెదలు పట్టిపోతున్నాయి. ప్రతి అచ్చుకీ ఒక వాడుక పేరుంది, వెనక ఒక కథ ఉంది. ఆ పేర్లు తెలిసినవాళ్ళు పెద్దవాళ్ళయిపోతున్నారు. ఎం.ఏ. విద్యార్థి ఒకడు, ఎమ్మెస్సీ విద్యార్థి ఒకడు జతగా వెళ్ళి, అచ్చుల ముద్రలు తీసుకుని, పేర్లు రాసుకుని, ఏ నీటికి ఏ రంగు ఎలా మారుతుందో పరీక్షించి నమోదు చేస్తే, అది ఏ లైబ్రరీలోనూ దొరకని థీసిస్ అవుతుంది. చెప్పినవాళ్ళ పేర్లు మొదటి పేజీలో వెయ్యాలి. పాదిరీ చెయ్యని పని మనం చేద్దాం.

ఇంతా చేసి ఒక కాలేజీ యూనియన్ వల్ల ఏమవుతుంది అంటారా? ఇరవై శాలువాలతో పెడన బాగుపడిపోదు, నాకూ తెలుసు. కానీ మనలో రేపు కలెక్టరు ఆఫీసుకి వెళ్ళేవాళ్ళున్నారు, లెక్చరర్లయ్యేవాళ్ళున్నారు, బట్టల కొట్టు పెట్టేవాళ్ళున్నారు, విదేశాలకి పోయి అక్కడి మ్యూజియంలో అద్దం వెనక మన గుడ్డ చూసేవాళ్ళున్నారు. ఆ చూసిన రోజున "ఇది మా పక్క ఊళ్ళో చేస్తారు, నేను చూశాను, ఎలా చేస్తారో చెబుతాను వినండి" అనగలగాలి. ఆ మాట అనగలిగినవాడు కలెక్టరయితే కాలవ నీటి గురించి ఆలోచిస్తాడు, వర్తకుడయితే సరైన చీటీ అంటిస్తాడు, లెక్చరరయితే మరో బస్సు నిండా పిల్లల్ని తీసుకువెళతాడు.

బందరుకి కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. మంచిదే, మళ్ళీ ఓడలు రావాలనే కోరుకుందాం. నాలుగు వందల ఏళ్ళ కిందట ఓడలొచ్చినప్పుడు ఈ తీరాన ఎత్తడానికి గొప్ప సరుకు ఉంది, దాన్ని చేసినవాడికి పేరు లేదు. ఈసారి ఓడలొచ్చేసరికి ఆ సరుకూ ఉండాలి, దాని మీద చేసినవాడి పేరూ ఉండాలి. వచ్చే ఏడు యాత్రకి కమిటీ వేసేటప్పుడు కార్యదర్శిగారు ఈ పుట ఒకసారి తిరగేస్తారని ఆశిస్తున్నాను. బస్సులో కిటికీ పక్క సీటు ఎవరికిచ్చినా నాకు పేచీ లేదు, బస్సు పెడనలో ఆగితే చాలు.